కొయ్యని మడి

"ఇదేంటమ్మా, మేకలు పడి మేసినట్టుంది?" అన్నాడు మేనేజరు.

పెద్దకోడలు అప్పుడే కోత ముగించి, నడుం మీద చెయ్యి వేసుకుని లేస్తోంది. ఎర్రతోటకూర రసం అంటి వేళ్ళు ఎర్రబడ్డాయి. పక్కన బుట్ట నిండా కూర. ఇంకో పావుగంటలో వంటగది వాళ్ళు దానికోసం వస్తారు. మేనేజరు ఆ బుట్ట వైపు చూడనేలేదు. బూట్లకి బురద అంటకుండా ఒక ఇటుక మీద నిలబడి మడి వైపే చూస్తున్నాడు.

"ఇప్పుడే కోశానండీ. అందుకే అలా ఉంది."

"మొన్న వచ్చినప్పుడూ ఇలాగే ఉంది."

"మొన్న కూడా కోశానండీ."

మేనేజరు వచ్చి మూడు నెలలైంది. ఆసుపత్రికి కొత్త, మట్టికి మరీ కొత్త. మడిని మూడు భాగాలు చేసుకుని వారానికో భాగం నుంచి కోస్తానని, నేలకి నాలుగు వేళ్ళు వదిలి కోస్తే మళ్ళీ చిగురు వేస్తుందని, ఒక భాగం తయారయ్యేసరికి ఇంకోటి మోడుగా ఉంటుందని అతనికి చెబుదామనుకుంది. కానీ అతను అప్పటికే గడియారం చూసుకుంటున్నాడు.

"వచ్చే వారం శనివారం పై ఆఫీసు నుంచి కమిటీ వస్తోంది. ఇంత చిన్న తోటకి ఇద్దరెందుకని అడుగుతున్నారు. ఒకరిని పర్మినెంట్ చేస్తారు. రెండోవాళ్ళు వచ్చే నెలాఖరు దాకా."

"ఏ ఒకరినండీ?"

"ఎవరి మడి బాగుంటే వాళ్ళని. ముందువైపు మీ తోటికోడలి లిల్లీలు, వెనకవైపు నీ ఆకుకూర. రెండూ పోల్చి చూస్తారు."

"పువ్వునీ కూరనీ ఎలా పోలుస్తారండీ?"

"కళ్ళతో," అన్నాడు మేనేజరు. ఇటుక మీంచి ఇంకో ఇటుక మీదకి, అక్కణ్ణుంచి సిమెంటు గట్టు మీదకి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నీళ్ళ బకెట్టుని ఒక్క తన్ను తన్నింది. అది ప్లాస్టిక్ బకెట్టు. చప్పుడు కూడా సరిగ్గా చెయ్యలేదు.

అత్తగారింట్లో పెద్దకోడలు, చిన్నకోడలు. ఆసుపత్రిలోనూ వాళ్ళకి అవే పేర్లు. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరూ అలాగే పిలుస్తారు. చిన్నదాన్ని రెండేళ్ళ కిందట పనికి తీసుకొచ్చింది పెద్దదే. ఎవరో దాత పంపిన లిల్లీ గడ్డల్ని ముందు వాకిట్లో నాటడం నేర్పిందీ తనే. గడ్డని మొత్తం పాతిపెట్టకే, మెడ బయట ఉండనీ, లేకపోతే కుళ్ళి చస్తుంది అని దగ్గరుండి ఒక్కొక్కటీ పెట్టించింది. ఇప్పుడు ఆ గడ్డలే తన మెడ మీదకి వచ్చాయి.

ముందు వాకిట్లోకి వెళ్ళేసరికి చిన్నకోడలు లిల్లీ మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ఇరవైనాలుగు గడ్డలు. ఆకన్నది లేకుండా బోసిగా లేచిన కాడలు, కొసన చూపుడువేలంత మొగ్గలు. ఏడాదికి ఒకసారి పదిరోజులు పూస్తాయి. మిగతా ఏడాదంతా వట్టి ఆకులకీ వట్టి మట్టికీ నీళ్ళు పొయ్యాలి.

"అక్కా, నీకూ చెప్పాడా?"

"చెప్పాడు."

"ఇప్పుడేం చేద్దాం?"

"చేసేదేముంది? నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్తాను," అని వెనక్కి తిరిగింది. అలా అన్నందుకు పది అడుగులు వెయ్యకముందే తన మీద తనకే విసుగొచ్చింది. కానీ మళ్ళీ వెనక్కెళ్ళి ఏం చెబుతుంది?

సాయంత్రం ఇంట్లో ఒక్క పొయ్యి ముందు ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. ఒకరు కూరగాయలు తరిగితే ఒకరు గిన్నెలు కడిగారు. మగవాళ్ళిద్దరూ లారీల మీద ఎక్కడో ఉన్నారు. నెలకి నాలుగు రోజులు కనిపిస్తే గొప్ప. అత్తగారు మంచం మీద కూర్చుని విన్నదంతా నెమరేసుకుంటోంది.

"ఇద్దరు కోడళ్ళని పోల్చడానికి ముగ్గురు ఆఫీసర్లా?" అంది. "పదేళ్ళుగా నేనొక్కదాన్నే పోలుస్తున్నాను. ఇంతవరకూ తేల్లేదు. వాళ్ళకి ఒక్కపూటలో తేలిపోతుందట!"

చిన్నకోడలికి నవ్వొచ్చింది. పెద్దకోడలికి రాలేదు.

"లిల్లీది పెట్టి పుట్టిన జాతకమే," అంది అత్తగారు మళ్ళీ. "ఏడాదికి సరిపడా తిండి గడ్డలో దాచుకుని దర్జాగా పడుకుంటుంది. లేచినప్పుడు లేస్తుంది. తోటకూరది కూలి బతుకు. కోసిన రోజే తిండి, కోసిన రోజే లెక్క. మర్నాటికి దాని మొహం ఎవరికీ గుర్తుండదు."

"మీరు ఊరుకోండి అత్తయ్యా," అంది పెద్దకోడలు. ఉల్లిపాయని కత్తితో అవసరమైన దానికంటే గట్టిగా నరికింది.

మర్నాడు పొద్దున్నే మడి దగ్గర నిలబడి, మేనేజరు నిలబడ్డ ఇటుక మీదే నిలబడి చూసింది. తొమ్మిదేళ్ళలో మడి ఎలా కనిపిస్తోందని ఆమె ఏనాడూ చూసుకోలేదు. బుట్ట నిండిందా లేదా, అదొక్కటే చూసేది. ఇప్పుడు చూస్తే నిజంగానే బాగాలేదు. ఒక భాగం మోకాలెత్తున ఎర్రగా నిగనిగలాడుతోంది. రెండోది జానెడుంది. మూడోది వట్టి మోళ్ళు. తల సగం గొరిగించుకుని మంగలి షాపులోంచి పారిపోయి వచ్చినవాడిలా ఉంది.

ఎన్నాళ్ళు చేసినా ఈ పనికి కనిపించే గుణం లేదు. బాగా చేస్తే మడి ఖాళీ అవుతుంది. ఇంకా బాగా చేస్తే ఇంకా ఖాళీ అవుతుంది. లిల్లీలు ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. అలాంటప్పుడు నా కూర మాత్రం ఎందుకు నిలబడకూడదు అనుకుంది. అనుకున్నాక కొడవలి తీసి తడికలో దోపేసింది.

వంటాయన బుట్టకోసం వచ్చాడు.

"ఇవాళ కోత లేదన్నా."

"లేకపోవడమేంటి? అదుగో, అంత ఎదిగి ఉంటే!"

"వచ్చే శనివారం దాకా కోత లేదు."

"మరి కాన్పుల వార్డుకి ఏం పంపను? నా తలకాయా?"

"బంగాళాదుంపలు పంపు."

"బాలింతలకి బంగాళాదుంపలా! డాక్టరమ్మ నన్ను ఉడకబెడుతుంది."

అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. అరగంటలో కాన్పుల వార్డు నర్సే స్వయంగా వచ్చింది. పొడుగ్గా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. కానీ మాట మెత్తన.

"ఏమ్మా పెద్దకోడలా, కూర ఇవ్వనన్నావట?"

నిజం చెప్పేద్దామనుకుంది. ఉద్యోగం కోసం మడి నింపుకుంటున్నానని చెబితే ఆ మనిషి అర్థం చేసుకునేదేనేమో. కానీ నోటికి ఇంకోటి వచ్చింది.

"పురుగు పట్టింది సిస్టర్. మందు కొట్టాను. వారం రోజులు కొయ్యకూడదు."

"అయ్యో, మరి ముందే చెప్పకపోయావా? రక్తం తక్కువున్నవాళ్ళు ఏడుగురున్నారు. మాత్రలు మింగితే కక్కేస్తున్నారు. నీ కూరయితే తింటారు." నర్సు మడి వైపు చూసి నిట్టూర్చింది. "సర్లే, విషం పెట్టలేం కదా. మంచిపని చేశావు, చెప్పి."

మంచిపని చేశావన్న మాట ముల్లులా దిగింది. తల తిప్పేసరికి కుళాయి దగ్గర చిన్నకోడలు నీళ్ళు పడుతోంది. డబ్బా నిండి పొర్లుతోంది. ఆ మడిలో తొమ్మిదేళ్ళుగా మందు చుక్క పడలేదని ఆమెకి తెలుసు. పురుగుని వేళ్ళతో ఏరడం తనకి నేర్పింది ఎవరు మరి! చిన్నకోడలు కుళాయి కట్టేసి, రెండు డబ్బాలూ ఎత్తుకుని ముందు వాకిట్లోకి వెళ్ళిపోయింది.

అదే ఇంకా చిరాకు. ఒక్క మాట అని ఉంటే తిరిగి నాలుగనేది.

కోత లేకపోతే పెద్దకోడలికి పని లేదు. రోజూ పొద్దున్న గంటన్నర కోత, కట్టలు కట్టడం, కడగడం. ఇప్పుడు ఆ గంటన్నరా చేతులు ఏం చెయ్యాలో తెలియక దురద పెట్టాయి. మడి చుట్టూ గడ్డి పీకింది. గట్టుకి రాళ్ళు పేర్చింది. పేర్చిన రాళ్ళకి సున్నం కొట్టింది. వంటాయన కిటికీలోంచి చూసి, "ఇంకేం, బొట్టు కూడా పెట్టు," అన్నాడు.

నాలుగో రోజుకి మోళ్ళన్నీ చిగురేసి కమ్ముకున్నాయి. జానెడున్న భాగం మోకాలు దాటింది. మోకాలెత్తున్నది నడుం దాకా వచ్చింది. దూరం నుంచి చూస్తే ఎర్రటి దుప్పటి పరిచినట్టుంది. చూసి సంతోషించింది. సంతోషించానని మళ్ళీ కోపం వచ్చింది. దగ్గరికెళ్ళి అడుగు ఆకు నలిపి చూస్తే బిరుసెక్కింది. ఇంకో రెండు రోజులకి కొసల్లో కంకులు కనిపించాయి. ముందు పొడుగు భాగంలో, తర్వాత అక్కడక్కడా అంతటా. తోటకూర కంకి వేసిందంటే కూరగా దాని పని అయిపోయినట్టే. కాడ నార తేలుతుంది, ఆకు రుచి పోతుంది. ఏ పల్లెటూరి పిల్లనడిగినా చెబుతుంది. కంకుల్ని గిల్లేద్దామని చెయ్యి చాపింది. గిల్లితే మొండిగా కనిపిస్తుందని మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ముందు వాకిట్లో అంతకంటే సందడిగా ఉంది. మంగళవారం ఒక లిల్లీ విచ్చింది. బుధవారం పొద్దునకి పది. మధ్యాహ్నానికి ఇరవై. ఒక్కో కాడకి నాలుగు పూలు, ఒక్కోటీ అరచేయంత, మందపు రేకులు, నిప్పులాంటి ఎరుపు. ఓపీ చీటీల లైను కూడా వంకర తిరిగి మడి పక్కగా సాగింది. చిన్నకోడలు మొహంలో ఆ ఎరుపంతా ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ వెనక్కి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, అన్నీ విచ్చేశాయి! శనివారం దాకా ఉంటాయంటావా?"

ఉండవు. పెద్దకోడలికి అది స్పష్టంగా తెలుసు. తొమ్మిది దాటితే ప్రహరీ మీంచి ఎండ నేరుగా ఆ మడి మీద పడుతుంది. నాలుగు కర్రలు పాతి పాత దుప్పటి కట్టాలి. పూల మీద నీళ్ళు పడకూడదు. చిన్నది చూస్తే నడినెత్తి ఎండలో పూల మీద నీళ్ళు చిలకరిస్తోంది, చల్లగా ఉంటాయని. ఎండలో తడిసిన రేకు కమిలిపోతుంది. రెండు మాటల్లో చెప్పగలిగిన సంగతి.

"ఏమో," అంది పెద్దకోడలు. "నాది కూర చదువు. పువ్వుల సంగతి నాకేం తెలుసు?"

చిన్నకోడలు "అవునులే," అని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక పెద్దకోడలు టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది. తినబుద్ధి కాలేదు. పిలిచి చెప్పేద్దామని రెండుసార్లు లేచింది. లేచిన ప్రతిసారీ ఒకటే ఆలోచన అడ్డొచ్చింది. తనకి నలభైఎనిమిదేళ్ళు. చిన్నదానికి ముప్ఫై. ఇక్కణ్ణుంచి పొమ్మంటే చిన్నది ఇంకో చోట దొరుకుతుంది, తనని ఎవరు రమ్మంటారు? నోరు విప్పితే తన బువ్వలో తనే మట్టి పోసుకున్నట్టు. విప్పకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉంది. మింగలేక కక్కలేక అలాగే కూర్చుంది.

గురువారం నర్సు మళ్ళీ వచ్చింది. చేతిలో ఖాళీ బుట్ట.

"ఇంకా ఎన్నాళ్ళమ్మా? వంటాయన బయటి కూర తెప్పించాడు. సగం కుళ్ళు, సగం ఇసక. ఎవరూ ముట్టుకోలేదు. మూల మంచం పిల్ల నిన్న కళ్ళు తిరిగి పడింది. ఎర్రకూర ఎప్పుడు పెడతారని అడుగుతోంది."

"శనివారం తర్వాత సిస్టర్."

"పురుగు పోయినట్టే ఉందే? ఎంత ఏపుగా ఎదిగిందో!" నర్సు ఒక కంకిని వేళ్ళ మధ్య పెట్టి చూసింది. ఆవిడకి మందుల సంగతి తెలుసుగాని మడి సంగతి తెలియదు. "సరే, శనివారం అయిపోగానే మొదటి కట్ట నాకే."

అవునన్నట్టు తలూపింది పెద్దకోడలు. ఆ మడిలో ఇక ఏ కట్టా లేదని ఆ తల ఊపుతున్నప్పుడే తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో చిన్నకోడలు ఎక్కువ మాట్లాడలేదు. రేకుల అంచులు గోధుమరంగుకి తిరుగుతున్నాయని అత్తగారికి చెబుతుంటే వినిపించింది. "మీ అక్కనడక్కపోయావా, దానికి మొక్కల నాడి తెలుసు," అంది ముసలావిడ.

"అడిగాను అత్తయ్యా. తెలియదంది."

అత్తగారు పెద్దకోడలి వైపు చూసింది. చాలాసేపు చూసింది. 

శనివారం పొద్దున పదకొండింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడం, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యని ఒక లావుపాటాయన, రాసుకోవడానికి ఒక గుమాస్తా. ముందు వాకిట్లో కారు దిగగానే మేనేజరు లిల్లీ మడి దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్నకోడలు తెల్లవారుజామునే వచ్చి కమిలిన పూలన్నీ కత్తిరించేసింది. ఇరవై బోసి కాడలు మిగిలాయి. నాలుగు కాడలకి మాత్రం తల వేలాడేసుకున్న పూలు. కత్తిరించిన చోట జిగురు కారుతోంది. పెద్దకోడలు నాలుగడుగుల వెనక నిలబడి ఇదంతా చూసింది.

"ఇవి అయిపోయాయన్నమాట," అంది మేడం.

"మొన్నటిదాకా చాలా బాగున్నాయండీ," అంది చిన్నకోడలు. "ఎర్రగా..."

"ఊఁ," అంది మేడం. గుమాస్తా రాసుకున్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడాదిపాటు నీళ్ళు పోసిన మనిషిని దాటి బూట్లు వెనక వైపు కదిలాయి.

వంటగది మూల తిరగగానే మేడం ఆగిపోయింది.

"అబ్బ! ఇవేం పూలు?"

నడుమెత్తున ముదురు ఎరుపు. పైన వందలకొద్దీ కంకులు గాలికి ఒక్కసారిగా ఒకవైపు ఒరిగి మళ్ళీ లేస్తున్నాయి. తెల్లటి సున్నపు రాళ్ళ మధ్య నిజంగానే అందంగా ఉంది. లావుపాటాయన కూడా ఫోను దించాడు. మేనేజరు ఈ మడిని తనే విత్తినంత గర్వంగా పెద్దకోడలి వైపు చూశాడు.

"తోటకూర అండీ," అంది పెద్దకోడలు.

"తోటకూరా? మనం తినేదేనా? అది ఇలా ఉండదే!"

"కొయ్యకపోతే ఇలా అవుతుందండీ. ముదిరిపోయింది. ఇక కూరకి పనికిరాదు."

"చూశారా, ఇన్నాళ్ళూ దీన్ని వండుకు తినేశాం," అన్నాడు లావుపాటాయన. అందరూ నవ్వారు. పెద్దకోడలు ఇంకేదో అనబోయింది. ఇది చెడిపోయిన మడి అండీ, వారం రోజులుగా వార్డుకి కూర లేదండీ అని. కానీ మేడం అప్పటికే గుమాస్తాతో చెబుతోంది. ఖర్చు లేని అలంకరణ, కొత్త ఆలోచన, వేరే ఆసుపత్రుల్లో కూడా. గుమాస్తా కలం గబగబా పరిగెత్తింది.

వాళ్ళ కారు గేటు దాటగానే మేనేజరు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "నువ్వేనమ్మా! పర్మినెంట్. సోమవారం ఆర్డరు చేతికిస్తాను."

ఎంతో కాలంగా వినాలనుకున్న మాట. వింటుంటే ఎవరికో చెబుతున్నట్టుంది. అతని వెనకే గదిలోకి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఒక మాట. ఆ మడి బాగున్నది కాదండీ. పాడైనది. నేను కావాలనే కొయ్యలేదు. వార్డుకి అబద్ధం చెప్పాను. లిల్లీల సంగతి కూడా, వాటికి నీడ కట్టాలని నాకు తెలుసు. మా చెల్లికి చెప్పలేదు. చెప్పుంటే ఇవాళ్టికీ పూలుండేవి."

మేనేజరు కాగితాల్లోంచి తల ఎత్తాడు. కోపం రాలేదు. పని పెంచేవాళ్ళని చూసినట్టు చూశాడు.

"పాడైందో బాగుందో వాళ్ళకి తెలుసా?"

"తెలియదండీ."

"మరి నాకెందుకు చెబుతున్నావు? నేనిప్పుడు మళ్ళీ వాళ్ళకి ఫోన్ చేసి, మీరు మెచ్చుకున్నది చెత్త అని చెప్పాలా? అలా చెబితే ఇద్దరినీ తీసేస్తారు. ఇంతకీ నీకు ఉద్యోగం కావాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పు."

ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద కాగితాలు లేచి పడుతున్నాయి. వద్దు అనడానికి నోరు తెరవాలని చూసింది. వారమంతా నిద్రలో కూడా కావాలి కావాలి అనుకున్న నోరు అది. కొత్త మాట అలవాటు చేసుకోలేకపోయింది.

"కావాలండీ," అంది.

"ఇక వెళ్ళు."

సోమవారం ఆర్డరు వచ్చింది. వంటాయన వంటగది గుమ్మంలో నిలబడి ఆమెకి చదివి పెట్టాడు. పేరు, హోదా, తేదీ. కింద ఇంకో వాక్యం. "వెనకవైపు ఎర్ర మొక్కల మడిని యథాతథంగా కాపాడవలెను. కోయరాదు." చదువుతూ మొదట నవ్వాడు. సగంలో నవ్వు ఆగిపోయింది.

"కోయరాదంటే? ఇక కూర లేనట్టేనా?"

పెద్దకోడలు తల తిప్పింది. నర్సు వస్తోంది. చేతిలో బుట్ట. ఇచ్చిన మాట ప్రకారం మొదటి కట్ట తనదే కదా.

"మందు కొట్టలేదు సిస్టర్," అంది పెద్దకోడలు ఆవిడ నోరు తెరవకముందే. "అబద్ధం చెప్పాను. మడి నిండుగా కనపడాలని కొయ్యలేదు. ఇప్పుడు కోసినా తినడానికి రాదు. కొయ్యొద్దని ఆర్డరు కూడా వచ్చింది."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండేది. నర్సు మడిని చూసి, ఆ కాగితాన్ని చూసి, బుట్టని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మూల మంచం పిల్ల నిన్న ఇంటికెళ్ళిపోయింది," అంది. "పిల్లాడికి పాలు చాలట్లేదని ఏడుస్తూ వెళ్ళింది. నీ కూర తింటే చాలేవని నేననను. తిననైతే లేదు కదా." కోపం లేని గొంతుతోనే అంది. అని, మడిని దాటి బట్టలుతికే గది వైపు నడిచింది.

అటెందుకు వెళుతోందో పెద్దకోడలికి అర్థం కాలేదు. వెనకే వెళ్ళింది.

బట్టలుతికే గది వెనక, ప్రహరీకీ గోడకీ మధ్య ఇరుకు జాగా ఉంది. ఎవరూ రారు, ఏ కమిటీకీ కనపడదు. ఉతికిన నీళ్ళు వేరే కాలవలో పోతాయి కాబట్టి మట్టి శుభ్రంగానే ఉంటుంది. అక్కడ చిన్నకోడలు పారతో తవ్వుతోంది. అప్పటికే మంచమంత పొడుగు మడి సిద్ధమైంది. పెళ్ళలు చితకగొట్టి, రాళ్ళు ఏరి పక్కన కుప్ప పోసింది. గట్టు మీద ఇంటి నుంచి తెచ్చిన విత్తనాల డబ్బా ఉంది.

"నువ్వు పొద్దున చెప్పిన కూర ఎన్ని రోజులకొస్తుందమ్మా?" అని నర్సు అడుగుతోంది.

"ఇరవైఐదు. నేను నెలాఖరు దాకా ఉంటాను కదా సిస్టర్, మొదటి కోత నా చేత్తోనే ఇస్తాను. ఏడుగురికి సరిపోతుంది. తర్వాత సంగతి..." పెద్దకోడలిని చూసి మాట ఆపేసింది.

నర్సు వెళ్ళిపోయింది. ఇద్దరే మిగిలారు. పెద్దకోడలు డబ్బా మూత తీసి చూసింది.

"విత్తనం ఇసకలో కలుపు. లేకపోతే ఒకేచోట పడుతుంది."

"తెలుసక్కా. ఒకటికి మూడు ఇసక. నువ్వు చెప్పిందే."

పార మళ్ళీ మట్టిలోకి దిగింది. నాలుగుసార్లు దిగి లేచాక చిన్నకోడలు తల ఎత్తకుండానే అడిగింది.

"లిల్లీలకి నీడ కట్టాలని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"అనుకున్నాను." మరో పెళ్ళ తిరగేసింది. "అడిగినప్పుడే చెప్పుంటే దుప్పటి నేనే తెచ్చుకునేదాన్ని."

అంతే. అరవలేదు, ఏడవలేదు. అడిగినప్పుడు చెప్పకుండా ఇప్పుడు ఒప్పుకుంటే ఎవరికి లాభం? పెద్దకోడలు వంగి పార పట్టుకుంది.

"ఇటివ్వు. కాసేపు నేను తవ్వుతాను."

"వద్దక్కా," అంది చిన్నకోడలు. పార వదల్లేదు. లాక్కోనూ లేదు. "నీకిక్కడ పని లేదు. నీ మడి అటుంది."

"ఏమ్మా! ఎక్కడున్నావు?" మేనేజరు గొంతు వంటగది వైపు నుంచి గట్టిగా వినిపించింది. పై ఆఫీసు పత్రికలో వెయ్యడానికి ఫొటోలాయన వచ్చాడట. మడితో పాటు మనిషి కూడా ఉండాలట.

పెద్దకోడలు పార వదిలేసింది. వెళ్ళి ఎర్ర కంకుల మధ్య, వాళ్ళు చూపించిన చోట నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొడవలి పట్టుకోనా అని అడిగితే ఫొటోలాయన వద్దన్నాడు, అది బాగోదట. ఊరికే నిలబడితే చాలన్నాడు. గోడ అవతల పార నేలని తాకుతున్న చప్పుడు ఆగకుండా వస్తోంది. దించిన ప్రతిసారీ ఎంత లోతు దిగిందో చప్పుడుని బట్టే ఆమెకి తెలుస్తోంది. మొదటి వరస అయిపోయింది, ఇప్పుడు రెండోది.

"అటు కాదమ్మా," అన్నాడు ఫొటోలాయన. "ఇటు చూడు."